మాంటెన్యా మృతక్రీస్తు చిత్రము

ఇటలీదేశమందలి మిలాను నగరమున బ్రెరా యను చిత్రశాల కలదు. అందు 68 సెంటిమీటర్ల యెత్తును 81 సెంటిమీటర్ల వెడల్పును గల చిన్నపట మొకటి యున్నది. దాని యెదుట నిలుచువానికి మొట్టమొదటఁ గానవచ్చునవి రెండు పాదములు. అరికాళ్లు చూపఱివైపునకుఁ దిరిగి, ఱాతిపలక కొనను దాఁటి, పటపుఁ గ్రిందియంచున కించుక ముందునకు వచ్చియున్నవి. వానియందు మేకులు దిగిన గాయములు నెత్తు రింకి యెండిన రంధ్రములై కనఁబడుచున్నవి. ఆ పాదముల వెనుక వస్త్రము కప్పిన మోకాళ్లు, ఇరుప్రక్కల గాయపడిన చేతులు, విశాలమైన వక్షము, తుదకుఁ దలదిండుమీఁద నొరగిన శిరస్సు. నిలువెత్తు మనుష్యుని శరీర మంతయుఁ బాదములు మొదలు తలవఱకు నా చిన్నపటమున నిమిడియున్నది.

ఇది ఆండ్రియా మాంటెన్యా యను చిత్రకారుఁడు రచించిన మృతక్రీస్తు చిత్రము. ఇది సుమారు 1480 ప్రాంతమున వ్రాయఁబడినదని పెక్కుర మతము. 1470 మొదలు 1500 దాఁటువఱకును వేర్వేఱు కాలములను జెప్పినవారును గలరు. క్రైస్తవచిత్రకారులు శోకమును వస్తువుగాఁ గొని వ్రాసిన పటములు లెక్కకు మిక్కిలి. వానిలో శవమును బాదములవైపునుండి చూపి, దానినే చిత్రమునకుఁ బ్రాణముగాఁ జేసినవానియం దిదియే ప్రసిద్ధతమము.

దీనిపై రెండాక్షేపములు వినఁబడుచుండును. చిత్రకారుఁడు తన విద్యాప్రౌఢిని జూపుటకే శవమును నెపముగాఁ గొనెనని యొకటి. దూరసామీప్యములనుబట్టి యవయవములు పెరుగుటకును దఱుగుటకును గల నియమ మిందుఁ బాటింపఁబడలేదనియు, పాదములు చిన్నవై శిరస్సు పెద్దదయ్యె ననియు మఱియొకటి. శాస్త్రము మితిమీఱెనని మొదటిది. శాస్త్రము తప్పెనని రెండవది. ఈ రెండును బరస్పరవిరుద్ధములు. విచారించి చూచినచో నీ విరోధమునందే యీ చిత్రము మర్మ మున్నది.

వస్తువు

క్రైస్తవుల సువార్తలు నాలుగు. యెరూషలేమున రోమను అధికారి పిలాతు నాజ్ఞచే యేసు శిలువ వేయఁబడి మరణించెననియు, అరిమతయియ యోసేపు శవమును వేఁడి తీసికొనెననియు, నికొదేము బోళమును అగరును గలిపిన సుగంధద్రవ్యమును దెచ్చెననియు, శవమును నారబట్టలతోఁ జుట్టి సమాధిలో నుంచిరనియు వానివలనఁ దెలియుచున్నది. శిలువనుండి దింపిన పిదప, సమాధిలో నుంచుటకు ముందు, తల్లియు నాప్తులును శవముచుట్టుఁ జేరి విలపించిరను ఘట్టము మాత్రము సువార్తలలో లేదు. అది భక్తుల భావననుండి పుట్టినది. బైజాంటియను సామ్రాజ్యపుఁ జిత్రకారులు దాని నొక ప్రత్యేకవస్తువుగాఁ జేసిరి. గ్రీకుభాషలో దానికి ‘థ్రేనోస్’ అని పేరు, విలాపమని యర్థము. ఇటలీవారు దానిని గ్రహించి తమదిగాఁ జేసికొనిరి. తల్లి యొక్కతె మృతపుత్రు నొడిలో నిడుకొని యుండుట ‘పియెటా’ యనఁబడును. పలువురు శవమును బరివేష్టించి యేడ్చుట విలాపచిత్రము.

మాంటెన్యా పటమున నీ విలాపముతోఁ బాటు మఱియొక ఘట్టమును గలసియున్నది. అది యభ్యంజనము, అనఁగా సమాధికి ముందు శవమునకు సుగంధతైలమును బూయుట. అందులకే శవము ఱాతిపలకమీఁదఁ బరుండఁబెట్టఁబడినది. చూపఱికిఁ గుడివైపునఁ దలదిండునొద్దఁ దైలపాత్ర యున్నది. ఇట్టి యభ్యంజనశిల యొకటి కాన్‌స్టాంటినోపులు నగరమునఁ బూజింపఁబడుచుండెను. ఆ శిలపైఁ గానవచ్చు తెల్లని మచ్చలు మరియమ్మ కన్నీటి గుఱుతులని ప్రజలు నమ్మిరి. మాంటెన్యా వ్రాసిన పలకయు రంగుజీరలు గల ఱాయియే.

అతఁడు పెరిగిన పాడువానగరమున నిట్టి శోకవస్తువునకుఁ బూర్వోదాహరణములు రెండు కలవు. స్క్రోవేగ్నీ మందిరపు గోడపై జొట్టో యను చిత్రకారుఁడు సుమారు 1305లో విలాపఘట్టమును వ్రాసెను. అందు శవము ప్రక్కవాటుగాఁ బరుండియుండఁగా, తల్లి కుమారుని మెడచుట్టుఁ జేతులు వేసి ముఖమునకు ముఖము చేర్చి చూచుచున్నది. ఆకసమున దేవదూతలు రోదించుచున్నారు. 1443 ప్రాంతమునుండి దాదాపు పదియేండ్లు పాడువాలో నివసించిన డొనటెల్లో యను శిల్పి, సంత ఆంతోనీ దేవాలయపు వేదికకై భూస్థాపనఘట్టమును ఱాతిపైఁ జెక్కెను. అందు స్త్రీలు చేతులు పైకెత్తి మొఱవెట్టుచున్నారు. రెండింటను శోకము బాహువిక్షేపములచేతను ఆక్రందనముచేతను వ్యక్తమగుచున్నది. రెండింటను శవము ప్రక్కనుండియే కానవచ్చుచున్నది. మాంటెన్యా యీ త్రోవను విడిచి వేఱొకత్రోవఁ ద్రొక్కెను. అందులకుఁ గారణ మతని విద్యాభ్యాసమునఁ గొంత తెలియును.

చిత్రకారుఁడు

మాంటెన్యా సుమారు 1431లో పాడువా సమీపమునందలి ఈసొలా ది కార్తూరో యను పల్లెలో బియాజో యను వడ్రంగికిఁ బుట్టెను. పాడువాయందుఁ జిత్రకర్మశాలను నడుపుచుండిన ఫ్రాంచెస్కో స్క్వార్చోనే బాల్యముననే యతనిని దత్తునిగాఁ గైకొని విద్య నేర్పెను. ఈ గురువు ప్రాచీనశిల్పఖండములను, వాని యచ్చులను బ్రోగుచేసి, వానిని జూచి వ్రాయుటయే శిష్యులకు బాలశిక్షగాఁ జేసెను. మాంటెన్యా రేఖకుఁ గల కాఠిన్య మచటఁ బుట్టినది. 1448లోఁ బదునేఁడేండ్ల ప్రాయమున నతఁడు గురువును విడిచెను. ఇరువురకును గల యొప్పందము వివాదమై న్యాయస్థానమున కెక్కెను. మాంటెన్యా బాలుఁడై యున్నప్పు డది జరిగినది గావునఁ జెల్లదని 1456లో వెనీసు న్యాయస్థానము తీర్పు చెప్పెను.

1448లోనే యతఁడు పాడువాలోని ఎరెమితానీ దేవాలయమున ఓవెతారీ మందిరపు గోడలను జిత్రించుటకుఁ బూనుకొనెను. ఆ చిత్రములను జూచి పూర్వగురువు నిందించెనని, చిత్రకారుల చరిత్రములను 1550లోఁ బ్రకటించిన వసారీ చెప్పుచున్నాఁడు. అందలి మనుష్యులు మాంసమువలెఁ గాక ఱాతివలె నున్నారనియు, వారికిఁ బలురంగులు వేయుటకంటెఁ బాలఱాతిరంగే వేసినచో యుక్తతరమై యుండెడిదనియు నా నింద. ఆ చిత్రములలోఁ బెక్కు 1944 మార్చి 11వ తేదీని విమానములనుండి పడిన బాంబులచేఁ దునాతునుకలయ్యెను. ఏఱికూర్చిన తునకలు తరువాతికాలమునఁ దిరిగి గోడల కమర్పఁబడినవి. గురువు చేసిన నింద మాత్ర మీ మృతక్రీస్తు చిత్రమును విచారించునప్పుడు మఱల స్మరింపఁదగినది.

1453లో మాంటెన్యా వెనీసు చిత్రకారుఁ డగు జాకపో బెల్లీనీ కూఁతురు నికొలోసియాను వివాహమాడెను. ప్రసిద్ధచిత్రకారులగు జెంటీలె బెల్లీనీయు, జొవాన్నీ బెల్లీనీయు నామె సోదరులు. 1460లో నతఁడు మాంటువా ప్రభువగు లుడొవీకో గొంజాగా యాస్థానమునఁ జేరి, యా ప్రభువునకును, నతని కొడుకునకును, మనుమనికిని వరుసగాఁ గొలువుచేసి యచటనే జీవితశేషమును గడపెను. అచటి కోటలో నొక గదిని 1465 మొదలు 1474 వఱకుఁ జిత్రించెను. ఆ గది కప్పునడుమ వలయాకారమగు రంధ్ర మున్నట్లును, దానిగుండ నాకస మగపడుచున్నట్లును, రంధ్రపు టంచుచుట్టును స్త్రీలు నిలిచి క్రిందికిఁ దొంగిచూచుచున్నట్లును వ్రాసెను. ఆ యంచును బట్టుకొని నిలిచిన రెక్కల బాలకులు క్రిందినుండి చూడఁబడుటచేఁ బొట్టివారై కానవత్తురు. కప్పులో రంధ్రము లేదు. ఉన్నది రంగు మాత్రమే. క్రిందనుండి చూచువాని కన్ను నీ విధముగ మోసపుచ్చఁగల విద్య మాంటెన్యాకు వశమై యుండెను.

దృష్టినియమము

ఈ విద్య యెట్టిదో తెలియనిదే పైఁ జెప్పిన యాక్షేపముల బలాబలములు తెలియవు. సమీపవస్తువు పెద్దదిగను దూరవస్తువు చిన్నదిగను గన్నులకుఁ దోఁచుట లోకానుభవము. ఆ తఱుగుదల యే కొలఁదిని జరుగునో నిర్ణయించు పద్ధతిని ఫ్లారెన్సు వాస్తుశిల్పి బ్రునెల్లెస్కీ పదునైదవ శతాబ్దారంభమునఁ బ్రదర్శించెను. దానిని అల్బెర్టీ యను పండితుఁడు 1435లోఁ జిత్రకళనుగూర్చి రచించిన గ్రంథమున వివరించెను. పటము కిటికీవంటిది. చూపఱి కన్ను ఒకచోట నిలిచి యా కిటికీగుండఁ జూచును. అతనినుండి తిన్నగా దూరముగఁ బోవు సమాంతరరేఖ లన్నియుఁ బటముపై నొక బిందువునఁ గలియును. ఆ రేఖల నడుమనున్న వస్తువులు దూరమునుబట్టి తగుపాళ్లఁ దఱుగును. ఇదియే యా శాస్త్రముయొక్క సారము.

ఈ నియమమును శరీరమున కన్వయించినప్పుడు కలుగు ఫలము హ్రస్వీకరణము. చూపఱివైపునకుఁ జాఁచిన చేయి పొడవును గోల్పోయి, మోచేయి దాదాపు మాయమై, యఱచేయి మాత్రము మిగులును. అకారము దీర్ఘమైనను హ్రస్వమైనను సవర్ణమే యైనట్లు, పొడవు తఱిగినను నవయవ మదియే యని కన్ను గుర్తింపవలెను. గుర్తింపలేనిచో విద్య విఫలము. భారతీయచిత్రశాస్త్రమున కీ భావము క్రొత్తది గాదు. విష్ణుధర్మోత్తరపురాణము తృతీయఖండమందలి చిత్రసూత్రము తొమ్మిది స్థానములను జెప్పి, వానియం దవయవములకుఁ గలుగు మార్పులను క్షయవృద్ధు లను పేర వివరించినది. దేహ మే వైపునకుఁ దిరిగిన నే యవయవ మెంత తఱుగునో చెప్పుట చిత్రసూత్రము తెరువు; చూపఱినుండి గల దూరమును గణించుట అల్బెర్టీ తెరువు.

అల్బెర్టీ మఱియొకమాటయుఁ జెప్పెను. మృతుని జిత్రించునప్పుడు ప్రత్యవయవమును మృతమైనట్లు కానరావలెనని యతని మతము. మెలియాగెరను వీరుని శవమును మోసికొనిపోవుచున్నట్లు చెక్కిన ప్రాచీనశిల్ప మొకటి రోమున నుండఁగా, దాని నతఁ డీ గుణమునకే ప్రశంసించెను. మాంటెన్యా పటమున నా లక్షణము నిండియున్నది. వ్రేళ్లు ముడిగి తమంతఁ గదలవని తెలుపుచున్నవి. శిరస్సు దిండుమీఁద నొకవైపునకు వ్రాలినది. పాదములు బిగువు సడలి ప్రక్కలకు వాలినవి. జీవుఁ డున్న యవయవ మొకటియు నా దేహమున లేదు.

శాస్త్రము తప్పినదా?

ఇఁక రెండవ యాక్షేపమును ముందు విచారింపవలెను. శయనించిన మనుష్యుని పాదములకడ నిలిచి చూచువానికిఁ బాదములు మిక్కిలి పెద్దవై, శిరస్సు మిక్కిలి చిన్నదై తోఁపవలెను. కన్ను మిక్కిలి క్రిందుగా నున్నచోఁ బాదములు వక్షమును ముఖమును గొంత మఱుఁగుపఱచుటయుఁ గలదు. ఈ పటమున నట్లు లేదు. పాదములు నియమముకంటెఁ జిన్నవి. శిరస్సు నియమముకంటెఁ బెద్దది. మిక్కిలి దూరమునుండి చూచినచో నవయవముల పాలు దాదాపుగా నిట్లుండును. కాని యిఱుకైన గదియు, ప్రక్కనే యున్న శోకార్తులును, పటపుటంచున కానిన పలకయుఁ జూపఱి చేరువనే యున్నాఁడని చెప్పుచున్నవి. కావున నియమభంగము స్పష్టము.

ఇది యజ్ఞానకృతమా? కప్పులో లేని రంధ్రమును బుట్టించిన చేతికిఁ బాదముల కొలఁది తెలియదనుట పొసఁగదు. వ్యాకరణమున నుత్సర్గమనియు నపవాదమనియు రెండు గలవు. ఉత్సర్గము సామాన్యవిధి; అపవాదము విశేషవిధి. ‘ఇతి’ యను పదమునకు ‘ఆది’ పరమైనప్పుడు ఇకారమునకు యకారము వచ్చి ‘ఇత్యాది’ యగుట సామాన్యము. ‘కవి’ యను పదమునకు ‘ఇంద్ర’ పరమైనప్పుడు యకారము రాక దీర్ఘము వచ్చి ‘కవీంద్ర’ యగుట విశేషము. విశేషము వచ్చినంతమాత్రమున సామాన్యము చెడదు. తనకుఁ గల చోట నది నిరాఘాటముగాఁ బ్రవర్తించుచునే యుండును. ఉత్సర్గము నెఱుఁగనివాఁడు చేసిన మార్పు అపశబ్దము. ఎఱిఁగినవాఁడు ప్రయోజనమును గోరి, యొక్కచోటికే పరిమితముగాఁ జేసినది యపవాదము.

ఈ పటమున దేహదైర్ఘ్యమును సంక్షేపించుట, మోకాళ్లను మీఁదికెత్తి చూపుట, మడతలను వెనుకకు నడపుట మొదలగునవి యెల్ల సామాన్యనియమముననే జరిగినవి. పాదశిరస్సుల పరిమాణమునందు మాత్రము విశేషము కల్పింపఁబడినది. దానికిఁ బ్రయోజన మేమి? నియమమునే యనుసరించినచోఁ బాదము లొక్కటియే కన్ను నాకర్షించును. క్రీస్తుముఖము చిన్నదై వెనుకఁబడును. ముఖము తెలియని శవ మెవరిదియో తెలియదు. ఎవరిదియో తెలియని శవమును జూచిన భయమో జుగుప్సయో కలుగును గాని శోకము గలుగదు. శోకము గలుగుటకు మృతుఁడు ప్రియుఁడని తెలియవలెను. ప్రియుఁడని తెలియుటకు ముఖము కానరావలెను. దృష్టినియమమును గడవఱకుఁ బాటించినచోఁ గరుణము బీభత్సమైపోయెడిది. ఆ యపాయమును దప్పించుటకే చిత్రకారుఁడు పాదములను దగ్గించి శిరస్సును బెంచెను. కావున నిది యపవాదమే గాని ప్రమాదము గాదు.

శాస్త్రము మితిమీఱినదా?

మొదటి యాక్షేప మింతకంటె బలవత్తరము. శబ్దచిత్రమును అర్థచిత్రమును మమ్మటుఁ డవరకావ్యమని నిర్ణయించెను. వ్యంగ్యమునకు వానియందుఁ బ్రాధాన్యము లేకుండుటయే దానికిఁ గారణము. బంధకవిత్వమును జదివినవాఁడు కవి నేర్పునకు వెఱఁగుపడును గాని యతని హృదయము కరఁగదు. మాంటెన్యా చేసిన హ్రస్వీకరణమును నట్టిదేనా?

ఇట్టి సందేహమును దీర్చుటకు సులభమగు పరీక్ష యొకటి కలదు. పద్యమునుండి యలంకారమును దీసివేసి చూచినట్లు, పటమునుండి యీ హ్రస్వీకరణమును దీసివేసి చూడవలెను. జొట్టో చిత్రమునవలె శవము ప్రక్కవాటుగాఁ బరుండియున్నదనుకొందము. అప్పుడు చూపఱి నాటకశాలలోఁ గూర్చున్న సామాజికునివంటివాఁడు. రంగస్థలముపై నేడ్చువా రేడ్చుచుందురు; అతఁడు వారిని జూచి జాలిపడును. శవమునకు నతనికిని నడుమ వా రెల్లప్పుడు నుందురు. శవమును బాదములవైపునుండి చూపినప్పుడు స్థితి మాఱును. చూపఱియు నా గదిలోనివాఁడే యగును. అతనికిని శవమునకును నడుమ నెవరును లేరు. చేయి చాఁచిన నంటఁదగినంత చేరువలోఁ బాదములున్నవి. ఆ చోట నిలువఁదగినవాఁడు చుట్టమేగాని ప్రేక్షకుఁడు గాఁడు.

ఇదియంతయు హ్రస్వీకరణముచేతనే కలుగుచున్నది. దానిని దీసివేసినచో నశించుచున్నది. తీసివేసినను భావము చెడనిచో నది యలంకారమాత్రము. తీసివేసినప్పుడు భావము చెడునేని యది వ్యంజకము. కాఁబట్టి యీ పటమున విద్యాప్రౌఢి శోకమునకు సాధనమేగాని శోకము విద్యాప్రౌఢికి నెపము గాదు.

శోకమున కాశ్రయము

చూపఱి కెడమవైపునఁ బటపుటంచున మూఁడు ముఖము లున్నవి. మరియమ్మ చేతిగుడ్డతోఁ గన్నులు తుడుచుకొనుచున్నది. ఆమె ప్రక్క యోహాను చేతులు పెనవైచికొని యేడ్చుచున్నాఁడు. వారి వెనుక నీడలో నోరు తెఱచియున్న మూఁడవ ముఖము మగ్దలేనే మరియదని సాధారణముగాఁ జెప్పుదురు. మైకెలాంజెలో 1498, 1499 సంవత్సరములలోఁ జెక్కిన పియెటాయందు మరియమ్మ కుమారునికంటెఁ బిన్నవయస్సుదానివలె నుండును. మాంటెన్యా వ్రాసిన మరియమ్మ వృద్ధురాలు. ముఖ మంతయు ముడుతలు పడినది. ఎదిగిన కొడుకును బోఁగొట్టుకొన్న తల్లి లోకమున నెట్లుండునో యట్లున్నది.

ఆలంకారికుల పరిభాషలోఁ జెప్పినచో మృతక్రీస్తు ఆలంబనవిభావము, గాయములును, తైలపాత్రయు, ఱాతిపలకయు నుద్దీపనవిభావములు, కన్నీరును, ముఖవికారమును అనుభావములు, శోకము స్థాయి. ఆ శోకమున కాశ్రయము లీ మువ్వురు. కాని చిత్రకారుఁడు వారి నొక మూలకుఁ ద్రోచి, వారి దేహములను బటపుటంచునఁ దెగఁగోసెను. పటమున కాశ్రయములే యప్రధానములగుట వింతగాఁ దోఁపవచ్చును. మహాభారతము స్త్రీపర్వమున గాంధారి దివ్యదృష్టిచే రణభూమిని గాంచి, పడియున్నవారిని గృష్ణునకుఁ జూపుచు విలపించును. చదువరి యామె కన్నులతోనే యా భూమిని జూచును. ఈ పటమున నట్టి మధ్యవర్తి లేఁడు. మువ్వురు నెడమయంచున నుండఁగా, కుడివైపునఁ బాత్రయుఁ జీకటియుఁ దప్ప మఱేమియు లేదు. పాదములకడఁ జోటు ఖాళీగా నున్నది. ఆ చోటు చూపఱిది. శోకమునకు నాలవ యాశ్రయ మతఁడే. ఆ మువ్వురు నంచునకుఁ దొలఁగుటవలననే యతనికిఁ జోటు దొరకినది.

పూర్వగురువు చేసిన నింద యిచట స్మరింపఁదగినది. అతఁడు దోషమని చెప్పిన ఱాతికాఠిన్య మీ పటమున గుణమైనది. శవముయొక్క చర్మము పలకవన్నెకుఁ జేరువగా నున్నది. వస్త్రపు మడతలు చెక్కినట్లున్నవి. ఈ పటమునకు వాడిన రంగులు తైలవర్ణములు గావు. వస్త్రముమీఁద వేసిన టెంపెరా రంగులు. అందుచేఁ దైలచిత్రముల నిగనిగ దీనియందు లేదు, బూడిదవన్నె ప్రబలినది. జీవుఁడు విడిచిన దేహము ఱాయిగా మాఱుచున్నట్లు చూపుట కీ శైలికంటెఁ దగినది లేదు. బ్రదికినవారిపట్ల దోషమైన గుణమే మృతునిపట్ల నౌచిత్యమైనది.

పటముయొక్క చరిత్ర

మాంటెన్యా ముదిమి సుఖముగా గడవలేదు. అప్పులు మూఁగినవి. తనకుఁ బ్రాణసమానమైన ఫాస్టీనాయను రోమనురాణి పాలఱాతివిగ్రహమును 1506లో నతఁడు మాంటువా రాణి ఇసబెల్లా దెస్తేకు 100 డుకాటుల కమ్ముకొనవలసివచ్చెను. ఆ విగ్రహమును విడుచుట కతఁ డెంత నొచ్చుకొనెనో రాణి ప్రతినిధి వ్రాసిన జాబువలనఁ దెలియుచున్నది. ఆ సంవత్సరమే సెప్టెంబరు 13వ తేదీని మాంటెన్యా మరణించెను. అల్బెర్టీ కల్పించిన ప్రణాళికపైఁ గట్టఁబడిన సంత ఆండ్రియా దేవాలయమున నతని సమాధిమందిర మున్నది.

తండ్రి చనిపోయిన పిదపఁ గొడుకు లుడొవీకో మాంటెన్యా మాంటువా ప్రభువునకు వ్రాసిన లేఖలోఁ జిత్రకర్మశాలయందు మిగిలిన పటములను బేర్కొనెను. వానిలో నొకటి ‘హ్రస్వీకృతక్రీస్తు’. చిత్రకారుఁడు జీవించియున్నంతకాలము నట్టి పటము తనయొద్దనే యుండెను. అప్పులు తీర్చుటకై కొడుకులు దానిని విడువవలసివచ్చెను. గొంజాగా వంశీయుఁడగు కార్డినలు సిజిస్మొందో దానిని గైకొనెను. పిదపఁ బెక్కుచేతులు మాఱి, పందొమ్మిదవ శతాబ్దారంభమున బ్రెరా విద్యాపీఠమునకుఁ గార్యదర్శిగా నుండిన చిత్రకారుఁడు జుసెప్పె బొస్సీకి లభించి, యతని మరణానంతరము 1824లో బ్రెరా చిత్రశాలయందుఁ జేరెను.

శవమును బాదములవైపునుండి చూపు నీ రీతి తరువాతి చిత్రకారులయందును గానవచ్చును. ఆనిబాలె కరాచ్చీ సుమారు 1582లో నిట్టి మృతక్రీస్తునే వ్రాసెను. ఆ పటము జర్మనీలోని స్టుట్‌గార్టు నగరమున నున్నది. 1656లో రెంబ్రాంటు, డైమాన్ అను వైద్యుఁడు శవమును గోసి శిష్యులకు బోధించుచున్నట్లు వ్రాసిన పటమునను బాదములు చూపఱివైపునకే యున్నవి. 1723లో నగ్నిప్రమాదమునఁ గాలఁగా మిగిలిన ముక్క ఆంస్టర్‌డాము నగరమునఁ గలదు. అందు శవముయొక్క శిరఃకపాలము తెఱవఁబడి మెదడు కానవచ్చుచున్నది; దానియెదుట నిలుచువాఁడు విద్యార్థి. మాంటెన్యా పటము నెదుట నిలుచువాఁడు బంధువు. ఒకే శబ్దము ప్రకరణభేదముచే వేఱర్థము నిచ్చినట్లు, ఒకే రీతి యొకచోట జ్ఞానమునకును, వేఱొకచోట శోకమునకును బనికివచ్చినది. కావున రీతి స్వతః స్తుత్యమును గాదు, నింద్యమును గాదు. దాని విలువను బ్రయోజనమే నిర్ణయించును.

పైఁ జెప్పిన రెండాక్షేపములకును సమాధాన మిది. శాస్త్రము శోకమునకు సాధనమైనంతవఱకు మాంటెన్యా దానిని గడవఱకు నడపెను. ముఖమును మఱుఁగుపఱచి శోకమున కడ్డము వచ్చునని తోఁచినచోట దాని నాపెను. ఎంతవఱకు నడపవలెనో యెచట నాపవలెనో తెలియుటకు శాస్త్రజ్ఞాన మొక్కటియే చాలదు. పలకమీఁద నున్నవాఁ డెవఁడో మఱవకుండుటయుఁ గావలెను. ఆ రెండును గలసిన దగుటచేతనే యీ చిన్నపటము నెదుట నిలిచినవాని చూపు పాదములకడఁ బ్రారంభమై ముఖమునకుఁ జేరుచున్నది.